అడుగు వాన చూస్తది

"కంకర పోసుడుకు గంత తవ్వుడెందుకే? మట్టి పిసికే మీ నాయిన బుద్ధి నీకింక పోలే" అన్నాడు నా భర్త శ్రీనాథ్, నా చేతిలో గడ్డపార చూసి.

నాగర్‌కర్నూల్‌లో మేము కొత్తగా కట్టుకున్న ఇంటి పెరడంతా నల్లరేగడి. అక్కడ కంకర పరిచి, కుర్చీలు వేసి, తన ఆఫీసు పెద్దసారును కూర్చోబెట్టి మర్యాద చేయాలని ఆయన కోరిక. కూలీలెందుకు, ప్రేమలత ఇంట్లో ఊరికే ఉందిగా! ఊరికే ఉన్న నేను అంట్లు తోమి, బట్టలు పిండి, అత్తమ్మ కాళ్లకు నూనె రాసి, అప్పుడు ఎండలో మట్టిపనికి దిగాలి. దిగడానికి నాకేం సిగ్గు లేదు. మా నాయిన మద్దిలేటి తెలకపల్లిలో మట్టిపని మేస్త్రి. రేగడి మీద ఏది పరిచినా వానకు మింగేస్తుందని, అడుగు లోతు తవ్వి ఆ మట్టి తీసేయాలని, గరుకు మొరంమట్టి రెండు వరుసలు పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిగా గుద్ది, ఇంటి నుంచి బయటికి వాలు పెట్టాకే కంకర వేయాలని నాకు ఏడేళ్లప్పుడే తెలుసు. "పైన మనిషి చూస్తడు బిడ్డా, అడుగు వాన చూస్తది" అనేవాడు నాయిన.

అదే చెప్పబోయాను. "చెప్పినట్టు చెయ్. సోది చెప్పకు" అన్నాడు శ్రీనాథ్.

చెప్పినట్టు! ఆ మాటకు నా పాత కోపం మళ్లీ లేచింది. గృహప్రవేశం నాడు ఈ పెరట్లోనే భోజనాలు. "ఆ పెద్దమనిషి ఎవరు?" అని పెద్దసారు మా నాయినను చూపించి అడిగితే, ఈయన "కూలికొచ్చిండు సార్" అన్నాడు. నాయిన విన్నాడు. నా కాపురంలో గొడవ రాకూడదని, నిజంగానే కూలివాడిలా వంగి సారు తిన్న విస్తరి ఎత్తాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఆ రోజు నుంచి నా కడుపు మండుతూనే ఉంది.

"సరే, మీరు చెప్పినట్టే చేస్త" అన్నాను.

పెరడంతా గడ్డి చెక్కి, రేగడి మీదే కంకర పరిచాను. జామచెట్టు మూల మాత్రం, ఒక మంచం పట్టేంత చోటు, ఇల్లు కట్టగా మిగిలిన మొరంతో, ఆయన ఆఫీసులో ఉండగా ఎనిమిది మధ్యాహ్నాలు, నాయిన చెప్పినట్టు చేశాను. దిమ్మిస ఎత్తి గుద్దిన ప్రతిసారీ "కూలికొచ్చిండు సార్" అని పళ్లు కొరుక్కున్నాను. పైనుంచి చూస్తే రెండు చోట్లూ ఒకటే. "చూసినవా, ఎంత అల్కగ అయిపాయెనో!" అని శ్రీనాథ్ మురిసిపోయాడు. నేను వాన కోసం ఎదురుచూశాను.

మూడు రోజులు కురిసి తెరిపిచ్చిన ఆదివారం పెద్దసారు వచ్చాడు. కూర్చోగానే కుర్చీ వెనక కాళ్లు జానెడు దిగబడ్డాయి. చాయ్ అంతా చొక్కా మీద.

"ఏందయ్యా శ్రీనాథ్, నన్ను కూసుండవెట్టినవా, నాటేసినవా?"

"దీనికి పని రాదు సార్, ఎంత చెప్పినా గింతే" అని నా వైపు వేలు చూపించాడు.

నేను సారు కుర్చీ తీసుకెళ్లి జామచెట్టు మూల వేశాను. కూర్చున్నాడు. కుర్చీ కదల్లేదు. మడమతో నేలను తన్ని చూశాడు.

"గిది ఎవరు చేసిండ్రమ్మా?"

"రెండూ నేనే చేసిన సార్. గా దిక్కు మా ఆయన చెప్పినట్టు చేసిన. గీ దిక్కు మా నాయిన చెప్పినట్టు చేసిన. ఆయనను మీరు చూసిండ్రు. గృహప్రవేశం నాడు మీ విస్తరి ఎత్తింది ఆయనే."

సారు శ్రీనాథ్ వైపు చూశాడు. శ్రీనాథ్ తల ఎత్తలేదు. నాకు జాలి వేస్తుందేమో అనుకున్నాను. వేయలేదు, హాయిగా ఉంది. గోడకు ఆనించిన గడ్డపార తెచ్చి, సారు చూస్తుండగానే శ్రీనాథ్ చేతిలో పెట్టాను.

"రేపు మా నాయినను రమ్మన్న. ఆయన కుర్చీల కూసొని చెప్తడు. చెప్పినట్టు చెయ్యుండ్రి."