వీడియోలో గ్లాసెడు నీళ్ళు

బీన్స్ తరగడానికి ఇదివరకు ఆమెకి పది నిమిషాలు పట్టేది. ఇవాళ గంట పట్టింది. కత్తి పిడికి పాత గుడ్డ చుట్టి, వేళ్ళు మాట వినడం లేదు కాబట్టి అరచేత్తో అదిమి పట్టి, ఒక్కొక్క కాయే తరిగింది. పదకొండింటికి మరిది వచ్చి వీడియో తీస్తాడు. అందులో ఆమె ఏ పనీ చేతకాని మనిషిలా కనిపించాలి. ఇంటి పనంతా తెమిలితే గానీ చేతకాని మనిషిలా కూర్చోవడానికి ఆమెకి తీరిక దొరకదు. తలుచుకుంటే నవ్వొచ్చింది. గట్టిగా నవ్వితే ఈమధ్య పొలమారుతోంది, అందుకని ఆ నవ్వు కాస్తా ఆపుకుంది.

నరాలు ఒకటొకటిగా చచ్చుబడిపోయే జబ్బు ఆమెది. ముందు కుడిచేతి వేళ్ళు పట్టు తప్పాయి, తరవాత ఎడమచేతివి, ఇప్పుడు గొంతు దాకా వచ్చింది. నయం చేసే మందు లేదట. "ఈ సూదిమందు పోయిన బలాన్ని వెనక్కి తేదమ్మా, ఉన్నదాన్ని ఇంకొన్నేళ్ళు నిలబెడుతుంది. నెలాఖరులోపు మొదలుపెట్టాలి" అంది డాక్టరమ్మ. ఇల్లమ్మినా చాలని మందు. అందుకే నలుగురినీ డబ్బు సాయం అడగడానికి ఈ వీడియో. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. పొద్దున లేవగానే ఆమె ముందుగా చేసే పని, ఒక గుటక మింగి చూసుకోవడం. అది దిగితే ఆ రోజుకి గండం గడిచినట్టు.

పద్నాలుగేళ్ళు ల్యాబులో రక్తం తీసింది. పసిపిల్లల చేతిలోనైనా ఒక్క పోటుకే నరం దొరికించుకునే మనిషని పేరు. మొదటిసారి సూది జారిన రోజు మేనేజరు, "ఇంటి గొడవలు ఇంట్లో వదిలేసి రావాలమ్మా" అన్నాడు. రెండోసారి జారాక రసీదుల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మూడో నెలకి ఆ పనీ లేదు. "పోనీలే, ఇంక ఇంటిపట్టునే ఉంటావు, నాకూ కాస్త ఆసరా" అంది అత్తగారు. జబ్బుపడ్డ మనిషి ఇంకొకరికి ఆసరా ఏమిటని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

మరిది వస్తూనే రాసుకొచ్చిన కాగితం తీసి చదివాడు. "'నా భార్య మామూలు గృహిణి. ఇప్పుడు గ్లాసు కూడా ఎత్తలేదు. తినిపించడం, తాగించడం, అన్నీ నేనే చూసుకుంటున్నాను.' ఇది నువ్వు చెప్పాలి అన్నయ్యా."

"నేను పద్నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను కదా" అంది ఆమె.

"అవన్నీ చెబితే జాలి పలచబడుతుంది వదినా. జనం చూసేదే అరనిమిషం."

"అన్నీ ఆయనే చూసుకుంటున్నారా?"

భర్త ఆమె వైపు చూడకుండా కాలరు సర్దుకున్నాడు. "ఎవరికోసం చెబుతున్నాను? నీకోసమే కదా."

ఆ 'నీకోసమే' దగ్గర ఆమె ఎప్పుడూ ఓడిపోతుంది. ఆయన చెడ్డవాడని ఎవరన్నా అంటే ముందు తనే ఒప్పుకోదు. బండి అమ్మేశాడు. ఎవరి ముందూ తల వంచని మనిషి ఆఫీసులో బల్లబల్లకీ తిరిగి చేయి చాచాడు. మందు కోసం ఎంత దూరమైనా వెళతాడు గానీ ఆమె చేతిలో కత్తి వణుకుతుంటే వంటింటి గడప దాటి లోపలికి రాడు. రాకూడదని కాదు, అది తన పని అని ఆయనకి తోచదు. పద్దెనిమిదేళ్ళుగా తోచేలా చెప్పనిది తనేనేమో అనుకుని, ఆ తప్పు కూడా ఆమే నెత్తినేసుకుంది.

ఆమెని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. జుట్టు కాస్త రేపుకోమంది అత్తగారు. భర్త వంటింట్లోకి వెళ్ళి, "గ్లాసులెక్కడుంటాయి?" అని అక్కణ్ణించే కేకేశాడు. "పై అరలో, ఎడమవైపు" అంది గ్లాసు ఎత్తలేని ఇల్లాలు.

నీళ్ళెలా తాగాలో డాక్టరమ్మ నేర్పింది. గడ్డం ఛాతీకేసి వంచాలి, చెంచాడు మింగాలి, గుటక దిగాకే ఇంకో చెంచాడు. ఆ పూట ఆయనా ఆ గదిలోనే ఉన్నాడు, డబ్బు గురించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ. ఇప్పుడు మరిది ఫోను ముందు కాగితంలోని మాటలన్నీ చెప్పి, ఎంతో ప్రేమగా ఆమె తల వెనక్కి వంచి, గ్లాసెత్తి నోట్లో పోశాడు.

నీళ్ళు అడ్డదారిన పోయాయి. ఊపిరాగిపోయింది. చేతులు లేచాయి గానీ వేళ్ళకి ఆయన చొక్కా చిక్కలేదు. "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటూ ఆయన ఇంకా పోస్తూనే ఉన్నాడు. చచ్చిపోతున్నాననుకుంది. మోచేత్తో ఒక్క తోపు తోస్తే గ్లాసు కిందపడి దొర్లింది. దగ్గి దగ్గి, కళ్ళూ ముక్కూ కారి, ఎప్పటికో ఊపిరి అందింది. అప్పుడు చెవిన పడ్డ మొదటి మాట మరిదిది.

"భలే వచ్చింది. ఇంకోసారి తీయక్కర్లేదు."

ఇన్నాళ్ళూ డబ్బు రాదేమోనన్నదొక్కటే ఆమె భయం. ఇప్పుడు ఇంకో భయం ఎదురుగా వచ్చి నిలబడింది. ఇది చూసినవాళ్ళు డబ్బు ఇస్తారు, తప్పకుండా ఇస్తారు. మందు వస్తుంది, ఇంకొన్నేళ్ళు బతుకుతుంది. మందు ఎంత నిలబెట్టినా ఏదో ఒకనాటికి ఈ చేతులు పూర్తిగా పడిపోతాయి. అప్పుడు నీళ్ళు పోసేది ఆయనే, ఇలాగే తల వెనక్కి వంచి. అలా కాదండీ అని చెప్పడానికి అప్పటికి తన గొంతు ఉండదు.

"అయిపోయిందిగా" అంది అత్తగారు. "అందరికీ కాస్త టీ పెట్టమ్మా. మీ మరిది పొద్దున్నించీ ఏమీ తాగలేదట."

అలవాటుకొద్దీ కుర్చీకి మోచేతులు ఆన్చి సగం లేచింది. లేచినదల్లా మళ్ళీ కూర్చుంది.

"నాకు చేతకాదత్తయ్యా. అన్నీ ఆయనే చూసుకుంటున్నారని ఇప్పుడే చెప్పారు కదా."

మరిది నవ్వబోయి, వదిన మొహం చూసి ఆగాడు.

"అది వీడియో కోసం కదా" అన్నాడు భర్త గొంతు తగ్గించి.

"ఫోను లోపల పెట్టమనండి. ఆ వీడియో ఎక్కడా పెట్టొద్దనండి. రేపు ఇంకోటి తీద్దురు గానీ, అందులో మాట్లాడేది నేను." ఆమె గడ్డం ఛాతీకేసి వంచి, అలాగే ఉండి చెప్పింది. "మీరు వెళ్ళి ఇంకో గ్లాసు నీళ్ళూ, ఒక చెంచా తీసుకురండి. నాకు మాట ఉండగానే మీరు నేర్చుకోవాలి."