పేకాట ఫోల్డర్లో సలోమి

చిలకలగూడలో ఆ ఇంట్లో కంప్యూటర్ మీద పెత్తనమంతా రామ్మోహనరావుదే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం అది కాంతమణిది, ఆ వేళకి మొగుడుగారు బేగంపేట ఆఫీసులో ఉంటారు కాబట్టి. ఆ రెండు గంటలూ భార్య పేకాట ఆడుకుంటుందని ఆయన నమ్మకం. మొగుడి నమ్మకాన్ని చెడగొట్టడం ఇల్లాలి లక్షణం కాదని ఆవిడ ఊరుకుంది.

నిజానికి ఆ వేళకి కింద వాటా సలోమి పైకొచ్చేది. ఇద్దరూ ఒకే ఫైల్లో వంతులేసుకుని రాసుకునేవారు, వీధిలోవాళ్ళ గురించీ, మొగుళ్ళ గురించీ. పప్పులో ఉప్పు తగ్గితే ఎర్రజెండా ఊపే స్టేషన్ మాస్టరు అందులో రామ్మోహనరావే. ఆయన కంట పడకుండా కాంతమణి ఆ ఫైలుని పేకాట ఉండే ఫోల్డర్లో దాచింది.

కడుపులో కణితి అని తేలాక సలోమి ఒక్కతే కూర్చుని చివరి పది పేజీలూ టైపు చేసింది.

"ఇప్పుడు చదవకు వదినా. నేను పోయిన ఏడాదికి చదువు. ముందే చదివితే ఏడుస్తావు, ఆ మొహం నేను చూళ్ళేను."

నవల చేతికొస్తే ఆఖరి పేజీ ముందు చదివే కాంతమణి, సలోమి పోయాక పదకొండు నెలలు ఆ పది పేజీలూ ముట్టుకోలేదు. ఏడాది నిండడానికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

ఆ ఆదివారం కంప్యూటర్ టిక్కు టిక్కుమంటూ మొరాయించింది. మెకానిక్ యాదగిరి డబ్బా విప్పి పెదవి విరిచాడు.

"లోపలి డిస్క్ ఖతం సార్. బయట పెట్టుకునే డ్రైవ్ తెచ్చిన, ఇగ దీనిమీదనే నడుస్తది. పాతది ఎట్లనో ఒక్కసారి లేచింది, కావల్సినవి జల్ది చెప్పున్రి, కాపీ కొడ్త."

రామ్మోహనరావు ఆఫీసు ఉత్తరాలు, గృహప్రవేశం ఫొటోలు, జాతకాలు వరసగా చెప్పాడు.

"నాకు పేకాట కావాలి," అంది కాంతమణి.

"ఓసి నీ! దానికి కాపీ ఎందుకే? కొత్తదాంట్లోనూ వస్తుంది. ఏం యాదగిరీ?"

"వస్తది సార్, సీడీలనే ఉంటది."

"అలవాటైన పేకలు కదా అని..."

మగవాళ్ళిద్దరూ పడీపడీ నవ్వారు. ఫైలు ఉందని ఒక్క ముక్క అంటే చాలు. అంటే ఆయన తెరుస్తాడు. సలోమి తనకోసం దాచిన పేజీలు తనకంటే ముందు స్టేషన్ మాస్టరు చదువుతాడు. కాంతమణి కూడా నవ్వేసింది. ఆయన్ని స్నానానికి వెళ్ళనీ, అప్పుడు చెబుదాం అనుకుంది.

ఆయన వెళ్ళేసరికి యాదగిరి కాపీ ముగించి పాత డిస్కు ఊడదీసేశాడు. ఆవిడ గొంతు తగ్గించి సంగతంతా చెప్పింది.

"అయ్యో, ముందుగాల చెప్పకపోతిరి అమ్మా!"

మళ్ళీ తగిలించాడు. తిరగలేదు. తీసి, కాసేపు చల్లారనిచ్చి, మళ్ళీ తగిలించాడు. చెవికి ఆనించుకున్నాడు. టిక్కు కూడా లేదు. దాన్ని ఊడదీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

రామ్మోహనరావు తల తుడుచుకుంటూ వచ్చేసరికి భార్య ఆ ఇనపముక్కని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చునుంది.

"ఏమైంది కాంతం?"

"సలోమి చివర్లో రాసింది ఇందులో ఉందండీ. నాకోసం రాసింది."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు చదివేస్తారని."

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. మెల్లిగా అడిగాడు.

"ఏం రాసిందే?"

"తెలీదండీ. నేనింకా చదవలేదు."

"యాదగిరీ, ఇంకొక్కసారి చూడు నాయనా," అన్నాడు రామ్మోహనరావు.

యాదగిరి మళ్ళీ తగిలించాడు. ముగ్గురూ చెవులు రిక్కించారు. బల్లమీద కొత్త డ్రైవ్ ఒక్కటే సన్నగా రొద పెడుతూ తిరుగుతోంది.