ముయాకు కుట్టిన ఖాకీ అంగీ

ఖాకీ వద్దని నేను చెప్పాను. ఒక్కసారే చెప్పి ఊరుకున్నాను, అదే నా ఏడుపు.

మా ఎర్రబోరు బస్తరు రాజ్యంలో ఒక మూల. అక్కడి కలప కంపెనీ తన కూలీలందరికీ ఒకే తీరు బట్టలు కుట్టించాలనుకుంది. రాజమండ్రి నుంచి వచ్చిన మేనేజరు శేషావతారం గారు నా కుట్టుమిషను మీద రెండు తానులు పడేశారు. ఒకటి నీలం, ఒకటి ఖాకీ.

"ఏది బావుంటుందయ్యా, అప్పయ్యా?"

"నీలం తీసుకోండి దొరా. ఖాకీ కనబడితే ఇక్కడ ఊళ్లకు ఊళ్లే అడవిల పడతయి. వెట్టికి పట్టుకపోయేటోళ్లు ఆ బట్టలతోనే వస్తరు గదా."

ఆయన పకపకా నవ్వారు. "భయపడితే మంచిదేగా! కంపెనీ మనిషంటే ఆ మాత్రం అదురుండాలి. పైగా మట్టి కనబడదు."

మట్టి కనబడదట! నాకు ఒళ్లు మండింది. మండితే మాత్రం? మేనేజరుకు ఎదురు చెప్పేంత మొనగాణ్ణా నేను? నోరు మూసుకుని నలభై జతలకు కత్తెర పట్టాను.

నెల తిరక్కుండానే ముయా నా కొట్టుకు వచ్చాడు. కంపెనీలో దుంగలు లాగుతాడు, పామేడు అవతల వాడి ఊరు.

"మామా, గుండీ ఊగుతాంది, జర కుట్టవా. పిల్లకు జరమంట. కంపౌండరు కాడ మందు తీసుకొని పోతాన్న."

"జ్వరమని చెప్పి గుండీ కోసం ఆగుతవేందిరా పిచ్చోడా? పో ముందు!"

"దేవే ఇంకా సూడలే మామా, ఈ అంగీ."

దేవే వాడి పెళ్లాం. సిగ్గుపడుతూ ఆ మాట అంటుంటే కాదనలేకపోయాను. గుండీ బిగించి, మందు పొట్లం పై జేబులో పెట్టి, జేబు నేనే మూశాను. భుజాలు ఎంత చక్కగా కుదిరాయో! నా కుట్టు నాకే ముచ్చటేసింది. ఊరు దగ్గరపడ్డాక అది విప్పెయ్యరా అని చెప్పాలన్న బుద్ధి ఆ పూట ఎక్కడ చచ్చిందో.

ఎనిమిదో రోజు తిరిగొచ్చాడు. ఒంటి మీద గోచీ ఒక్కటే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిల్లకెట్లుందిరా?"

తల అడ్డంగా ఊపాడు.

"ముయానే గదా, నన్ను సూసి ఎవరు ఉరుకుతరనుకున్న మామా. గుట్ట మీద కావలున్నోళ్లు దూరం నుంచే ఖాకీ సూసి కేకేసిన్రు. నేను పోయేసరికి పొయ్యిల మీద జావ ఉడుకుతాంది, మనిషన్నోడు లేడు. దేవే జరమున్న పిల్లను ఎత్తుకొని అడవిల పడ్డది. ఆ రాత్రంత వాన."

"నోరు లేదట్రా నీకు? పిలిస్తే నీ గొంతు గుర్తుపట్టదా?" కోపం ఎవరి మీదో తెలియక వాడి మీదే అరిచాను.

"బట్టలిప్పేసి మరీ పిలిసిన మామా. ఖాకీవోళ్లు ఎట్ల పట్టుకుంటరో నీకు తెల్వదు. ఊళ్లె ఒకణ్ణి పట్టి, కొట్టి, వానితోటే మిగిలినోళ్లను పిలిపిస్తరు. సిన్నప్పుడు మా నాయిన పిలిస్తెనే మేం బయటికొచ్చి దొరికినం. దేవే నా గొంతు గుర్తుపట్టింది. నన్ను కొట్టి పిలిపిస్తున్నరనుకున్నది. నేను పిలిసిన కొద్దీ ఏడ్సుకుంట ఇంకా లోపలికి పోయింది. మూడో నాడు వాగు అవతల దొరికిన్రు. పిల్ల అప్పటికే సల్లబడ్డది. మందు నా సేతులనే ఉన్నది."

నేను బావురుమన్నాను. ముయా మాత్రం ఏడవలేదు. ఇంకేదో అడగాలని వచ్చినవాడిలా నిలబడి ఉన్నాడు.

"ముసలోళ్లు, పిల్లలు ఇంకా అడవిలనే ఉన్నరు మామా. వాళ్లను ఎట్ల పిలువాలె?"

నాకేం తెలుసు? నేను దర్జీని.