కంటికి పట్టేంత శనిగ్రహం

ఆ తేదీ చక్రధర్‌కు ఇప్పటికీ గుర్తే. రెండువేల ఇరవైమూడు నవంబరు ఇరవై, కార్తీక సోమవారం. మధ్యాహ్నం వెనక వాటాలో ఉండే రెబెకా క్యారియర్లో పులగం, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి తెచ్చి పెట్టింది. రెండోసారి ఊరిబిండి వేసుకున్నాక గానీ అది ఉపవాసం రోజని ఆయనకు తట్టలేదు. భార్య రంగనాయకమ్మ ఉన్నన్నాళ్ళు కార్తీక సోమవారాల్లో చుక్క కనబడనిదే ఇంట్లో విస్తరి వేసేది కాదు. ఆమె పోయాక ఇది ఏ వారమో చెప్పే మనిషి లేకపోయింది. తప్పు చేసినట్టే ఉంది, అయినా ఊరిబిండి రుచిగానే ఉంది. అదీ ఒక దయే అనుకొని చెయ్యి కడుక్కున్నాడు.

క్యారియర్ గిన్నెలు సర్దుతూ రెబెకా నెమ్మదిగా చెప్పింది.

"నాయనకు ఎల్లుండే ఆపరేషన్ అన్నారు పెద్దనాయనా."

"డాక్టరు ఏమన్నాడు?"

"చెయ్యకపోతే ఉండే సూపు కూడా తొందర్లోనే పోతుందంట. చేస్తే నిలబడచ్చు, లేకుంటే చేసిన్నాడే పోనూవచ్చు. రెండూ చెప్పి సంతకం పెట్టమన్నాడు."

 చక్రధర్ భార్య విషయంలోనూ ఒక డాక్టరు ఇలాగే రెండూ చెప్పాడు.

రెబెకా తండ్రి ఏబెల్ కార్వేటినగరం బడిలో సైన్సు అయివారుగా పనిచేసి రిటైరయ్యాడు. నీటికాసుల జబ్బు, అదే గ్లకోమా, కుడికన్నును పూర్తిగా తినేసి, ఎడమకంటిలో కొంచెమే మిగిల్చింది. చక్రధర్ కాలేజీలో చరిత్ర చెప్పినవాడు. ఇద్దరూ సాయంత్రాలు అరుగు మీద కూర్చొని ఒకరి పాఠాలను ఒకరు ఎగతాళి చేసుకునేవారు. అలాంటి ఒక సాయంత్రమే ఏబెల్ ఆ మాట అన్నాడు.

"మీ రాజుల్ని నువ్వు యాడ సూసినావప్పా అని నిన్ను ఆడిపోసుకుంటా గదా. నేను మాత్రం ఏం సూసినా? బడిలో ఉన్నన్నేండ్లు శనిగ్రహమని బోర్డు మీద బంతి గీసి, సుట్టూరా వలయం గీసినా. పిలకాయలు నమ్మినారు. నా కంటితో నేను ఒక్కనాడన్నా సూళ్ళేదు. ఈ కన్ను పొయ్యేలోగా సూస్తే సాలు."

ఆ మాట విన్న వారంలోనే చక్రధర్ టెలిస్కోప్ తెప్పించాడు. నేర్చుకునేవాళ్ళు కొనుక్కునే చిన్నరకం. కుంకుమభరిణె మూతంత అద్దం, చేతికర్ర పొడవు గొట్టం, సన్నకాళ్ళ స్టాండు. డబ్బా మీద పళ్ళెమంత శనిగ్రహం బొమ్మ, దానికింద 'అయిదువందల ఇరవై అయిదు రెట్లు' అని పెద్ద అక్షరాలు. ఆ అంకె చూసే కొన్నాడు. చూపు తగ్గిన మనిషికి అన్నీ పెద్దవి చేసి చూపించడమే ఆ ఇంట్లో పద్ధతి. ఏబెల్‌కు చూపు తగ్గేకొద్దీ రెబెకా పెద్ద అక్షరాల బైబిలు తెచ్చింది, తర్వాత అంతకన్నా పెద్ద అక్షరాలది తెచ్చింది, ఆపైన దాని మీద పెట్టుకునే భూతద్దం తెచ్చింది. చక్రధర్ ఆ వరసలోనే ఇంకొక అడుగు వేశాడు.

కొన్నప్పటినుంచీ వానలే. ఆ సోమవారం పొద్దుగూకే వేళకు ఆకాశం కడిగినట్టు తేటపడింది. తూర్పున మాత్రం మళ్ళీ మబ్బు కడుతోంది. రేపు ఆస్పత్రిలో చేరాలి. చూస్తే ఇప్పుడే చూడాలి.

రెబెకా తండ్రి చెయ్యి పట్టుకొని మిద్దె మీదికి తెచ్చింది. అక్కడ అప్పటికే ఎదురింటి మునెమ్మ తలెత్తి నిలబడి ఉంది. ఆమె ఇంటిపక్కన అపార్టుమెంటు లేచినప్పటినుంచి చుక్కను చూసి ఉపవాసం విడవడానికి ఈ మిద్దెకే వస్తుంది.

"ఆ గొట్టం ఏంది సార్?"

"శనిని చూద్దామని."

"అయ్యో సామీ! ఆయప్ప మమ్మల్ని ఇడిసిపెడితే సాలని మేము శనివారం శనివారం నూనె పోస్తా ఉండామే, మీరు గొట్టం పెట్టి పిలస్తా ఉండారా?"

"నువ్వు పోసిన నూనె తాగి ఎట్టుండాడో సూద్దామని మునెమ్మా," అన్నాడు ఏబెల్.

మునెమ్మ నవ్వుతూనే చెంపలు వేసుకొని, చుక్కకు దండం పెట్టి, దిగిపోయింది.

సగం చంద్రుడు దక్షిణాన బాగా ఎత్తుమీద ఉన్నాడు. అతనికి రెండువేళ్ళ పైన పసుప్పచ్చగా, మినుక్కుమనకుండా నిలిచిన చుక్కే శనిగ్రహం. డబ్బాలోని కంటి కటకాల్లో ఇరవై అయిదు అంకె ఉన్నదాన్ని పెట్టి చక్రధర్ దాన్ని సులభంగానే పట్టాడు. చిన్నగా, మెరుస్తూ, సజ్జగింజంత ఉంది. ఇంత చిన్నది ఏబెల్‌కేం కనబడుతుంది? కటకం మీది అంకె తగ్గేకొద్దీ బొమ్మ పెద్దదవుతుందని డబ్బాలోని కాగితంలో చదివాడు. నాలుగు అంకెదాన్ని తీసి, దానికి బొమ్మను మూడింతలు చేసే బుల్లి గొట్టం తగిలించి పెట్టాడు.

బొమ్మ పెద్దదైంది, నిజమే. కానీ పొగలో దీపంలా మసకబారింది. మర తిప్పడానికి వేలు తగిలితే చాలు, స్టాండు వణికి అదీ వణికింది. చూస్తుండగానే ఒక అంచునుంచి ఇంకో అంచుకు జారిపోయింది. తిరిగే భూమి మీద ఉన్నామని ఆయనకు అంత స్పష్టంగా ఎన్నడూ తెలియలేదు. చెమటలు కక్కుతూ మళ్ళీ మళ్ళీ పట్టి, చివరికి మధ్యలోకి తెచ్చి, "రా అప్పా" అన్నాడు.

ఏబెల్ లేచి, ముక్కాలిపీటను చేత్తో తడుముకొని, మెల్లగా కూర్చొని, కన్ను ఆనించేసరికి కొంత సేపు పట్టింది. ఆనించాక చాలాసేపు కదలలేదు.

"ఏమప్పా?"

"ఆ... కనపడతా ఉండాది. వలయం బాగా కనపడతా ఉండాది. సాలప్పా, దేవుని దయ. నీ రుణం తీర్చుకోలేను."

రెబెకా గట్టిగా ఊపిరి వదిలింది. ఆమె ముఖంలో వెలుగు చూసి చక్రధర్‌కూ గుండె తేలికైంది. ఒకసారి తనూ చూద్దామని వంగి కన్ను ఆనించాడు.

గొట్టంలో ఏమీ లేదు. చీకటి తప్ప ఏమీ లేదు. ఏబెల్ కూర్చోకముందే శనిగ్రహం జారిపోయి ఉంటుంది.

ఆయన ఆ మాట బయటికి అనకుండా ఉండగలిగేవాడే. స్నేహితుడు ఇచ్చిన అబద్ధాన్ని మర్యాదగా పుచ్చుకొని మిద్దె దిగవచ్చు. కానీ ఎల్లుండి తర్వాత ఇంకో సాయంత్రం లేకపోవచ్చు. తూర్పు మబ్బు అప్పటికే మిద్దెల మీదికి వచ్చింది.

"ఏబెలూ," అన్నాడు నెమ్మదిగా. "దీంట్లో శని లేడప్పా. నువ్వు కూర్చునే లోపలే పోయినాడు."

ఏబెల్ తలవంచుకొని పంచె అంచు సరిచేసుకున్నాడు.

"ఎందుకు నాయనా కనపడిందంటివి?" అంది రెబెకా.

"అంత కష్టపడి తెప్పిచ్చినాడు గదమ్మా. లేదని ఎట్ట సెప్పేది?" ఇక దాచి లాభం లేదన్నట్టు అన్నాడు. "మీ ఇద్దరికీ ఒక మాట సెప్పాల. నాకు పెద్దయి వద్దు. నా కంట్లో మిగిలింది సూది బెజ్జమంత. పెద్ద బొమ్మ పెడితే ఆ బెజ్జంలో ఒక మూల ఆనతాది, మిగతాదంతా గోడవతల ఉంటాది. పైగా మసక. లోపలికొచ్చే వెలుగు పెరగదు గదప్పా. ఉండే నెయ్యి ఒక గరిటె. దాన్ని గంగాళం సంగటికి పూస్తే ఏం రుచుంటాది?"

రెబెకా తండ్రినే చూస్తోంది. "మరి ఆ పెద్దక్షరాల బైబిలు?"

"దాంట్లో ఒక మాట పట్టాలంటే నాలుగుసార్లు తల తిప్పాల తల్లీ. ఎప్పుడో ఇడిసిపెట్టినా."

"రోజూ పొద్దున చదవతా ఉంటివే! పేజీలు కూడా తిప్పతా ఉంటివే!"

"కీర్తనలు కంఠతా వచ్చు. నువ్వు సూస్తా ఉంటివి, మరి పేజీ తిప్పాల గదా."

రెబెకా నవ్వబోయింది. నవ్వు సగంలోనే తెగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చక్రధర్ ఆమెవైపు చూడకుండా బుల్లి గొట్టాన్ని ఊడదీసి డబ్బాలో పడేశాడు. మొదట తీసేసిన ఇరవై అయిదు కటకాన్నే మళ్ళీ పెట్టాడు. ఈసారి శనిగ్రహం వెంటనే దొరికింది. దొరికి, తొందరేమీ లేనట్టు అక్కడే ఉంది. స్టాండును ముట్టుకోవద్దని చెప్పి ఏబెల్‌ను కూర్చోబెట్టాడు.

 కింద వీధిలో ఎవరిదో ఆటో ఆగి, మళ్ళీ కదిలింది.

"ఉండాది," అన్నాడు ఏబెల్.  "గింజ మాదిరి ఉండాది. కోలగా ఉండాది."

"జరుగు, కొంచెం పెంచుతా."

పది అంకె ఉన్న కటకం పెట్టి, మధ్యకు తెచ్చాడు. ఏబెల్ మళ్ళీ వంగాడు. ఈసారి అతని కుడిచెయ్యి తనంతట తనే లేచి, గాలిలో సన్నటి గీతను అడ్డంగా, కొంచెం వాలుగా గీసింది.

"ఒరే దేవుడా. నేను బోర్డు మీద ఎంత యెడల్పుగా గీస్తా ఉంటిని! బండిచక్రం మాదిరి. ఇది పక్కనించి సూసిన గాజు మాదిరి సన్నంగా ఉండాది గదప్పా. రెండు పక్కలా బయటికొచ్చి... నడమ బంతి. బెజ్జంలో అంతా పట్టింది. అంతా."

ఈసారి చక్రధర్‌కు నమ్మకం కుదిరింది. ఆ సన్నదనం, ఆ వాలు ఎవరూ చెప్పినవి కావు.

"ఇంకొంచెం పెంచమంటావా?"

"వద్దప్పా. ఇది సాలు. నిజంగానే సాలు."

అతను కన్ను తీయలేదు. మబ్బు చంద్రుణ్ణి మింగి, రెండువేళ్ళ పైనున్న శనినీ కప్పేదాకా అలాగే ఉన్నాడు. గొట్టంలో అంతా చీకటైన తర్వాత కూడా కాసేపు ఉన్నాడు. ఎవరూ లెమ్మనలేదు.

కిందికి దిగేటప్పుడు ఏబెల్ కూతురి భుజం మీద చెయ్యేసి, మెట్టు మెట్టుకూ ఆగాడు. వెనక వాటాలో రెబెకా సంగటి ముద్ద పెడితే, సగం తిని, నిద్ర వస్తోందని మంచం మీద ఒరిగాడు. ఆ వారమంతా ఆపరేషన్ దిగులుతో నిద్ర పట్టని మనిషి, దుప్పటి కప్పేలోపలే గురకపెట్టాడు.

"ఎల్లుండి ఏమయితాదో పెద్దనాయనా," అంది రెబెకా గడప దగ్గర గుసగుసగా.

"తెలీదమ్మా," అన్నాడు చక్రధర్.  అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

సన్నగా చినుకులు మొదలయ్యాయి. రెబెకా వీధిదీపం వెలుగు తండ్రి ముఖం మీద పడకుండా, గడియ చప్పుడు కాకుండా, రెండుచేతులా పట్టుకొని తలుపును మెల్లగా దగ్గరికి వేసింది.