కీచు చివర మిగిలిన గొంతు

అలిమేలమ్మ చెప్పిందట, రేషన్ షాపు వరసలో నిలబడి: పక్కింటి దామోదరం కూతురు రెండు విమానాలను ఒకదానికొకటి తగిలించి, ఇంటికొచ్చి కూర్చుందని. ఆ మాట పాల డిపో చేరేసరికి రెండు విమానాలు మూడయ్యాయి. కనకమ్మ సత్రం కూడలికి వచ్చేసరికి మంజుకు సంకెళ్లు కూడా పడ్డాయి.

నిజానికి ఏ విమానమూ దేనికీ తగల్లేదు. మంజు ముందు వసారాలో తల్లి కోకిల పక్కన కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. ఎదురుగా స్టూలు మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. జరిగింది రాసి రేపు పొద్దుటికల్లా ఆఫీసుకు పంపాలి. ఇంకా ఒక్క వాక్యమూ పడలేదు.

వేరే రాష్ట్రంలో ఒక విమానాశ్రయంలో తెర ముందు కూర్చుని, ఎంత ఎత్తులో ఉండాలో ఎప్పుడు దిగాలో పైలట్లకు రేడియోలో చెప్పడం మంజు పని. చెప్పిన మాటను పైలట్ తిరిగి అప్పజెప్పాలి. అది సరిగా ఉందో లేదో ఈమె వినాలి. అనుమానం వస్తే మళ్లీ అడగాలి.

మొన్న మంగళవారం ఒక విమానాన్ని దిగమంది. ఇద్దరు పైలట్లు ఒకేసారి బదులిచ్చారు. అలా ఇద్దరూ కలిసి మాట్లాడితే రేడియోలో మాటలు రావు, కీచుమంటుంది. ఆ కీచు చివర, దిగుతున్నానంటూ ఒక గొంతు మిగిలింది. దిగమన్న విమానం వాళ్లది కాదు ఆ గొంతు. ముప్పై ఏళ్లుగా నడుపుతున్న పెద్ద కెప్టెన్‌ది. మంజు గుర్తుపట్టింది. రేడియోలో మాట్లాడే బొత్తాం మీద వేలు పెట్టి కూడా నొక్కలేదు. తొమ్మిది సెకన్లు. ఆ తర్వాత ఆయన విమానం ఎత్తు తగ్గడం తెర మీద చూసి, ఆయన్ను ఆపి, కింద వస్తున్న ఇంకో విమానాన్ని పక్కకు తిప్పింది. రెండింటిలోని మూడు వందల మందీ సామాన్లు తీసుకుని ఇళ్లకు పోయారు.

"గొంతు తెలిసినాక మళ్లా ఎందుకు అడగలేదే?" అంది కోకిల.

"ఆయన పెద్దాయన కదమ్మా. 'సార్, మిమ్మల్ని కాదు' అని నేనెట్లా అనేది? ఆయనకు తెలీకుండా ఉంటాదా అనుకున్నా."

ఇది యాడ నేర్చుకున్న బుద్ధో కోకిలకు తెలుసు. మూడేళ్ల కిందట అత్తిమంజేరిపేటలో నిశ్చితార్థానికి పద్నాలుగు మంది వ్యానులో బయలుదేరారు. ముందు సీట్లో కోకిల అన్న సుందరరాజులు. కూడలిలో తిరుత్తణి వైపు తిరగాల్సింది, ఆయన తిరువళ్లూరు వైపు చెయ్యి చూపించాడు. తప్పని వెనక కూర్చున్న పదమూడు మందికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. చివరికి తిరువళ్లూరు బోర్డు ఆయనే చదివి, డ్రైవర్ను తిట్టాడు. వీళ్లు పోయేసరికి భోజనాల ఆకులు ఎత్తేశారు. మంజు కూడా ఆ వ్యానులోనే ఉంది.

"కీచుమనిందని రాసేయమంటా ఉండారు, నా పక్క సీటాయన," అంది మంజు. "అట్లా రాస్తే రేడియోను రిపేరు చేస్తారమ్మా. నన్ను కాదు."

గేటు దగ్గర టీవీఎస్ బండి ఆగింది. తిరుత్తణి నుంచి సుందరరాజులే. బస్ డిపోలో టైమ్‌కీపర్‌గా రిటైరైన మనిషి. మంజును ప్రతి పరీక్షకూ ఆ బండి మీదే తీసుకుపోయి, రాసి వచ్చేదాకా ఎండలో కాచుకుని ఉన్నవాడు. శబ్దం విని దామోదరం కూడా పెరట్లోంచి వచ్చాడు.

"ఏం పాపా, ఊరంతా నిన్ను జైల్లో పెట్టేసినారే!" అంటూ సుందరరాజులు నవ్వి, స్టూలు మీది తెర చూశాడు. "ఇంకా రాయలేదా? సుమ్మా ఉట్టి దానికి ఇంత ఆలోచనా? మీ మాటలు రికార్డయ్యే టేపులో ఏముండాది, కీచే కదా?"

"అవును మామా."

"నీకు ఏం వినపడిందో టేపుకు తెలుస్తాదా?"

"తెలీదు మామా."

"అంతే! కీచుమనింది, ఏమీ వినపళ్లేదు. సోమవారం పోయి నీ సీట్లో నువ్వు కూర్చో. ఆ కెప్టెన్‌కూ మంచిదే. లేదంటే మళ్లా ట్రైనింగ్ అంటారు, ఆరు నెలలు. లైసెన్స్ పెరికేసినా పెరికేస్తారు. ఇంత చదివింది ఇందుకా?"

"బావ చెప్పేది సరే," అన్నాడు దామోదరం.

"అన్న చెప్తే సరిగానే ఉంటాది," అంది కోకిల. కానీ కాయ ఒలిచే చెయ్యి ఆగిపోయింది.

సుందరరాజులు మేనకోడలి తల మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో ప్రేమే ఉంది, ఇంకేమీ లేదు. "రాసేముందు ఒకసారి చెప్పు చూద్దాం. ఏమని రాస్తావు?"

మంజు ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచి నిలబడింది.

"మీరు చెప్పేది తప్పు మామా. నాకు బాగా వినపడింది. పెద్దాయన గొంతని తెలిసే నోరు మూసుకున్నా."