సోమవారం దాకా చెయ్యెత్తొద్దు

సంపత్ మొదటి దెబ్బకే బికాష్ పెదవి చీలింది. రెండో దెబ్బకు చేపల తట్ట మీద వెల్లకిలా పడ్డాడు. చేపలు కోసే కత్తిపీట పక్కనే ఉంది. దానివైపు ఒక్కసారి చూసి, రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని ముడుచుకున్నాడు. పిరికితనం కాదని యమునకు తెలుసు. ఆమె మొగుడే కదా.

గోదావరిఖని చౌరస్తాలో వాళ్లు చేపలమ్మే అడ్డా మీద సంపత్ కన్ను పడి చాలా కాలమైంది. అక్కడ చికెన్ సెంటర్ పెట్టాలట ఆ మహానుభావుడికి. సోమవారం బికాష్ అధికారుల ముందు పౌరసత్వ ప్రమాణం చెయ్యాలని బజారంతా తెలుసు. బంగ్లాదేశ్‌లో ఇల్లు తగలబెడితే చిన్నప్పుడే తండ్రి వెంట పారిపోయి వచ్చినవాడు. ఇక్కడే పెరిగినా, పెళ్లి చేసుకున్నా, పౌరసత్వం అడిగే అర్హత చట్టం మారాకే వచ్చింది. నడవడి మంచిదని మామ లింగమూర్తి పూచీ పడ్డాడు. ఇప్పుడు పోలీసు కేసులో పేరెక్కితే ఆశ వదులుకోవాల్సిందేనని వకీలు చెప్పాడు.

"చెయ్యెత్తురా. ఒక్కసారి ఎత్తు. నీ పౌరసత్వం గంగల కలుస్తది" అంటూ సంపత్ డొక్కలో తన్నాడు.

జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. వాళ్ల ఫోన్లు పాడుగాను, ఒక్కడూ అడ్డం రాలేదు.

బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన లింగమూర్తి రొప్పుతూ వచ్చాడు. "నువ్వు గూడ ఒకటి తగిలియ్యి అల్లుడా. కేసుదేమున్నది, రాజీ అయితం."

ఆయన అన్నదాంట్లో వింతేమీ లేదు. కార్మికవాడల్లో కొట్టుకోవడం, ఒకరిమీద ఒకరు కేసు పెట్టుకోవడం, రాజీపడి కలిసి చాయ్ తాగడం మామూలే. ఇక్కడ పుట్టినవాడికి కేసంటే జలుబు లాంటిది, వచ్చిపోతుంది.

సంపత్ బికాష్ కుడిచేతిని లాగి నేలకు తొక్కిపట్టాడు. కత్తిపీట అందుకున్నాడు.

"ఈ చేత్తోనేనా ప్రమాణం చేసేది?"

కత్తి దిగింది. అరచేతి వెనకభాగం తెల్లగా విచ్చుకుని, ఆ వెంటనే ఎర్రబడింది. యమున త్రాసులోని ఇనుప బాటు తీసి సంపత్ దవడ మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది. పడ్డవాడి మోకాలి మీద మళ్లీ కొట్టింది. నిజం చెప్పాలంటే ఆమెకు హాయిగా ఉంది. బికాషే నెత్తుటి చేత్తో ఆమెను పట్టి ఆపాడు.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ అలవాటైన దారే చూపించాడు.

"అటు సంపత్, ఇటు నీ పెనిమిటి కొట్టుకున్నరని రాద్దామమ్మ. రాజీ చేసుకుని ఇంటికి పోర్రి."

"ఒప్పుకో బిడ్డా" అన్నాడు లింగమూర్తి.

"ఆయన పేరు రాయకుర్రి సారు. ఆయన చెయ్యెత్తలే. కొట్టింది నేనొక్కదాన్నే."

"జైలుకు పోతవమ్మ."

"పోత. నేనీడనే పుట్టిన. నన్నెవ్వరు దేశంకెళ్లి ఎల్లగొట్టరు."

అల్లుడికి తాను ఎంత చెడ్డ సలహా ఇచ్చాడో లింగమూర్తికి అప్పుడు తెలిసొచ్చింది.

ప్రమాణమైన మర్నాడు ఆయన జైలుకు వచ్చాడు. ఇనుప జాలీ అవతల నిలబడి కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

"కట్టు కట్టిన చేత్తోనే చేసిండు బిడ్డా. ఆ దెబ్బలేందని అడిగిర్రు."

"ఏం జెప్పిండు?"

"తిన్న సార్, కొట్టలేదు అన్నడు."

యమున జాలీకి నుదురు ఆనించి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.