వంటావార్పు నాటి గరిటె

"ఏమే, పప్పుల ఉప్పు జర ఎక్కువైంది" అని మా ఆయన అన్న మాట జిల్లంత విన్నది. ఇంట్ల రోజు అనేదే. కాకపోతే ఆ దినం కోస్గి తొవ్వ మీద, టీవీవాళ్ళ మైకు మూతికాడ ఉండంగ అన్నడు. అందరు పకపక నవ్విన్రు. నాకు కోపం రాలే, సిగ్గు గూడ కాలే.

మా చేన్లల్ల కంపెనీలకు జాగా కావాల్నని నోటీసులు వచ్చినకాంచి ఊరంత టెంటేసుకొని కూసున్నం. ఆ దినం వంటావార్పు. తెలంగాణ కోసం కొట్లాడినప్పటి సంది మా దిక్కు కొట్లాటంటే రోడ్డు మీద పొయ్యి పెట్టాల్సిందే. రోడ్డు బంద్ చేసేది మొగోళ్ళు, పొయ్యి ఊదేది మేము. ఇంట్ల వండితే వంట, రోడ్డు మీద వండితే పోరాటం, గంతే ఫరక్. తెల్లారకముందే లేసి అత్తమ్మకు జొన్నరొట్టె చేసిపెట్టి, గుండిగ మోసుకపోయి, రాళ్ళు పేర్చి, పొగల కండ్లు మండంగ ఊరందరికి పప్పు ఉడకేసిన. అంత ఉడికినంక కెమెరా దిగింది. రిపోర్టర్ వచ్చి "అక్కా, జర పక్కకు జరుగుండ్రి, రైతన్న వండుతున్నట్టు తీస్త" అని నా చేతిల గరిటె గుంజి మా ఆయన చేతిల పెట్టిండు. గా గుంజుడుకు మరిగే పప్పు నా మణికట్టు మీద పడ్డది. తోలు లేసింది. నాకు మంట తెల్వలే. "భూమి పోతాంది గద అక్కా, జర ఏడ్వుండ్రి" అని కెమెరా నా దిక్కు తిప్పిండు. ఏడుపు రాలే. జరసేపు సూసి మళ్ళ మా ఆయన దిక్కే తిప్పుకున్నడు.

పొద్దుగూకినంక మా అత్త సత్తమ్మ టీవీ ముంగట కూసొని "సూడు సూడు, నా కొడుకు గరిటె పట్టిండు" అని మురిసింది. 'వంట చేసి నిరసన తెలిపిన రైతు కమలాకర్' అని కింద అక్షరాలు పోతున్నయి. పక్కపొంటి నా మోచెయ్యి, రెండు గాజులు కనవడ్డయి. కల్వకుర్తి నుంచి ఆడిబిడ్డ శ్రీదేవి ఫోన్ చేసి "మా అన్న వంట గూడ చేస్తడా వదినా, నీ అదృష్టమే అదృష్టం" అన్నది. అవునన్న. ఫోన్ చెవికి ఆనించుకొనే అంట్లు తోమిన. కాలిన చెయ్యి సబ్బునీళ్ళల్ల మునిగినా సురుక్కుమనలే. అప్పుడు మాత్రం భయమైంది. నేను మనిషినేనా, మొద్దునైపోయిన్నా అని చెయ్యి గిచ్చుకొని సూసిన.

రైతు కమలాకర్ అట! ఆ చేను మా అమ్మ పుల్లమ్మది. ఆమెకు నేనొక్కదాన్నే బిడ్డను. రాళ్ళు ఏరి ఏరి నడుము వంగిపోయినంక గాని ఆ చేన్ల కంది మొలవలే. పానం పోయే ముంగట నా పేర రాయించి, "మొగని పేరు ఎక్కించకే బిడ్డా, ఇది నీకే ఉండాలె" అన్నది. పాస్ బుక్కుల నా పేరే ఉంది. ఊళ్ళె మాత్రం అది కమలాకర్ చేను. నేనెన్నడు కాదనలే. పొద్దున లేస్తే చేసే పనులల్ల అదొకటి చెప్పే తీరిక ఏడిది?

టీవీల వచ్చినంక మా ఆయన నడకనే మారె. రోజుకో తెల్లంగి ఇస్త్రీ కావాలె. లీడర్లు ఇంటికొచ్చుడు, నేను చాయ్ పెట్టుడు. ఒకనాడు వాళ్ళు పోయినంక గిలాసలు తీస్తుంటె సల్లగ అన్నడు. "పోరాటం చేసినం, టీవీల వచ్చినం, ఇగ చాలు. రేపు ఆఫీసర్లొస్తరు. మనం ఇస్తమంటె ఊరంత ఇస్తది. నాకు మండలంల పదవి ఇస్తమన్నరు."

"మరి చేను?" అన్న.

"నువ్వు ఉత్తగ సంతకం పెట్టు. మాట్లాడేది నేను మాట్లాడ్త."

"మొగోడు అన్ని ఆలోచన చేసే చేస్తడు, నీకేం ఫికర్" అన్నది అత్తమ్మ. నేను గిలాసలు కడిగి బోర్లించిన.

తెల్లారి ఫోటోల మంచిగుంటదని ఎర్రచీర కట్టుకొమ్మంటే కట్టుకున్న. టెంటు కింద ఆఫీసర్ కాయితం తీసి "రైతు కమలాకర్ గారు" అని సదివిండు. టీవీల సూసే రాసుకొచ్చిన్రేమో, కాయితంల మా ఆయన పేరే ఉంది. ఆయన కెమెరా దిక్కు మొకం పెట్టి సంతకం చేసిండు. చప్పట్లు కొట్టిన్రు. టీవీవాళ్ళు పని అయిపోయిందని వైర్లు చుట్టుకుంటున్రు. గప్పుడు ఆఫీసర్ పాస్ బుక్కు తెరిసి సూసి, "సుచరిత అంటె ఎవరు?" అన్నడు.

"మా ఇంటామె సార్, ఎవరు పెడితె ఏంది, ఒకటే గద" అని మా ఆయన నవ్వి, నా చెయ్యి పట్టి ముంగటికి గుంజిండు. "ఏమే, గీడ పెట్టు."

పట్టింది కాలిన కాడ్నే. సుర్రుమన్నది. అబ్బా, పానం పోయినంత పనైంది! ఇన్ని దినాల మంట అంత ఒక్కపారే ఎక్కినట్టు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. చెయ్యి ఇడిపించుకున్న.

"నాడు గరిటె గుంజుకుంటె ఊకున్న" అన్న. "చేను మాత్రం ఇయ్య."

రిపోర్టర్ ఉరికొచ్చిండు. "అక్కా అక్కా, మళ్ళొక్కసారి అనుండ్రి, రికార్డు కాలే!"

"వినాల్సినోళ్ళు విన్నరు పో" అని పెన్ను బల్ల మీద పెట్టి ఇంటి తొవ్వ పట్టిన. మా ఆయన వెనకాల పిలుస్తనే ఉన్నడు.

అత్తమ్మ టీవీ ముంగటనే ఉంది. "ఏమాయె? ఈ పూట వస్తరా టీవీల?" అన్నది.

"ఆయన వస్తడేమో. నేనైతే సంతకం పెట్టలే."

ఆమె నోరు తెరిసింది. ఆమె అనేటియన్ని నాకు ముందే తెలుసు. పక్కన కూలవడి, కొంగు తీసి కాలిన చెయ్యి ఆమె ముంగటికి చాపిన.

"తిట్టేది తర్వాత తిడుదువు గాని అత్తమ్మా, చెయ్యి బాగ మండుతాంది. వంటింట్లకెల్లి జర ఎన్నపూస తెచ్చి రాయి."

పెండ్లయినంక ఆ ఇంట్ల ఒకరికి నేను పని చెప్పుడు గదే మొదలు. అత్తమ్మ నా చెయ్యి దిక్కు, నా మొకం దిక్కు సూసింది. టీవీ బంద్ చేసి లేసింది.